నాలుగు డిగ్రీల తెర

ఏప్రిల్, మే నెలల్లో మిషిగన్ సరస్సు దక్షిణపు కొసన, ఇల్లినాయ్‌లోని వాకీగన్, ఇండియానాలోని మిషిగన్ సిటీ లాంటి రేవుల నుంచి తెల్లారకముందే పడవలు బయల్దేరుతాయి. అద్దెకు దొరికే చేపల పడవలివి. కోస్ట్‌గార్డ్ లైసెన్సున్న సరంగు, ఒక సహాయకుడు, డబ్బు కట్టి వచ్చినవాళ్లు ఆరుగురి దాకా. ఈ పడవల్లో వల ఉండదు. పది పన్నెండు గాలాలు వదిలి, మనిషి నడకంత వేగంతో, అంటే గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల చొప్పున పొద్దెక్కేదాకా పడవను నడుపుతూనే ఉంటారు. కదిలే ఎరను వెంటాడి వచ్చి చేప గాలానికి పడుతుంది. ఇదే ట్రోలింగ్.

సరస్సు అనగానే కొల్లేరు గుర్తొస్తే మిషిగన్ అంతు పట్టదు. పొడవు 494 కిలోమీటర్లు, విస్తీర్ణం తెలంగాణలో సగానికి పైనే, అత్యధిక లోతు 281 మీటర్లు. అంత నీటిలో కిలోన్నర తూగే కోహో సాల్మన్ చేపను ఎక్కడని వెతకాలి? వసంతకాలంలో ఈ ప్రశ్నకు జవాబు ఉష్ణోగ్రతలోనే ఉంది. మంచి సరంగు చేపల కోసం ఎంత చూస్తాడో, నీటి వేడి చూపించే అంకె కోసం అంతకన్నా ఎక్కువ చూస్తాడు. ఆ అంకె వెనకున్న భౌతికశాస్త్రం తెలిస్తే ఈ ప్రయాణం రుచే మారిపోతుందని నా నమ్మకం.

చేప శీతరక్త జీవి. చుట్టూ నీరు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే వేడిగా ఉంటుంది. రెండు మూడు డిగ్రీల నీటిలో కోహోకు తిన్నది అరగడానికి చాలాసేపు పడుతుంది, ఎరను తరిమే ఓపికా తక్కువే. అది కోరుకునేది పన్నెండు డిగ్రీల దరిదాపు. ఏప్రిల్‌లో అంత వెచ్చని నీరు దొరకదు కాబట్టి ఏడో ఎనిమిదో డిగ్రీలున్న చోటు దొరికితే అక్కడే గుమిగూడుతుంది.

ఆ చోటు ఎలా ఏర్పడుతుందో చూడాలి. చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ బరువెక్కుతాయి. నీరు మాత్రం 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత చిక్కగా ఉండి, ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతుంది. చలికాలం ముగిసేసరికి సరస్సు నడిమి నీరు రెండు మూడు డిగ్రీల్లో ఉంటుంది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి అదే ఎండకు ముందుగా వేడెక్కుతుంది. వాగులు తెచ్చే బురదనీరు ఎండను ఇంకా బాగా పీల్చుకుంటుంది. అలా ఒడ్డున ఆరు డిగ్రీల నీరు, లోపల రెండు డిగ్రీల నీరు. రెండూ తేలికైనవే. అవి కలిసిన చోట మాత్రం నాలుగు డిగ్రీల నీరు పుడుతుంది. అది రెండింటికన్నా బరువు, అందుకని నేరుగా అడుగుకు దిగిపోతుంది. దిగిన చోటును నింపడానికి రెండు వైపుల నుంచీ నీరు వస్తుంది, కలుస్తుంది, మళ్లీ దిగుతుంది. తీరం వెంబడి ఒక తెర కట్టినట్టు తయారవుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని థర్మల్ బార్ అంటారు. స్విట్జర్లాండులోని జెనీవా సరస్సును జీవితమంతా అధ్యయనం చేసిన ఫోరెల్ 19వ శతాబ్దంలోనే దీన్ని వర్ణించాడు.

గోడ లేదు, గట్టు లేదు, అయినా తెరకు ఇవతలి నీరు అవతలికి సులువుగా పోదు. వాగులు తెచ్చిన పోషకాలు ఒడ్డు వైపే నిలిచిపోతాయి. వెచ్చదనం, వెలుతురు, పోషకాలు ఒక్కచోట చేరడంతో సూక్ష్మశైవలాలు పెరుగుతాయి. వాటిని తినే చిన్న ప్రాణులు, వాటి కోసం చిరుచేపలు, చిరుచేపల కోసం కోహోలు. తెర ఉన్నచోట ఒక్కోసారి నీటి మీద నురగ, చెత్త బారుగా తేలుతూ కనిపిస్తుంది, నీటి రంగు మారుతుంది. సరంగు వెతికేది ఆ బారు కోసమే.

ఎండలు ముదిరేకొద్దీ తెర సరస్సు నడిమికి జరుగుతూ పోయి జూన్‌ నాటికి మాయమవుతుంది. అప్పటికి పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు పొరలుగా విడిపోతాయి, చేపలు లోతుకు దిగుతాయి. అందుకే వసంతంలో వెతుకులాట అడ్డంగా, వేసవిలో నిలువుగా సాగుతుంది. దక్షిణపు కొస ముందుగా వేడెక్కుతుంది కాబట్టి ఏప్రిల్ నాటికి కోహోలు అక్కడ చేరి ఉంటాయి, తర్వాత వెచ్చదనం వెంబడి ఉత్తరానికి సాగుతాయి. ఒడ్డు నుంచి లోపలికి గట్టి గాలి వీస్తే మాత్రం పైనున్న వెచ్చని నీరు కొట్టుకుపోయి కింది చల్లనీరు పైకి తేలుతుంది. నిన్న చేపలు దండిగా పడిన చోట ఇవాళ ఒక్కటీ తగలదు.

పడవలోని పరికరాలన్నీ దీనికి తగ్గట్టే ఉంటాయి. వసంతపు కోహో పైనున్న మూడు నాలుగు మీటర్ల నీటిలో తిరుగుతుంది, పడవ చప్పుడుకు పక్కకు తప్పుకుంటుంది. అందుకని ప్లానర్ బోర్డులు వాడతారు. ఏటవాలు ముఖమున్న చిన్న పలకను దారానికి తగిలిస్తే, ఎదురయ్యే నీరు దాన్ని పక్కకు తోస్తుంది. గాలిపటాన్ని గాలి పైకి నిలబెట్టినట్టు నీరు ఆ పలకను పడవకు దూరంగా నిలబెడుతుంది. లోతుకు దించాలంటే డౌన్‌రిగ్గర్ ఉంటుంది. నాలుగైదు కిలోల సీసపు గుండును ఉక్కుతీగ మీద దించి, గాలపు దారాన్ని దానికి క్లిప్పుతో పట్టిస్తారు. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది.

ఎరకు ముందు డాడ్జర్ అనే రేకు ఊగుతూ మెరుస్తుంది. ఆ ఊపును చేప ఒంటి పక్కనున్న పార్శ్వరేఖ పసిగడుతుంది. ఇక్కడివాళ్లు వసంతంలో ఎరుపు, నారింజ రంగు డాడ్జర్లనే నమ్ముతారు. నీరు ఎరుపు కాంతిని తొలి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది, ఇరవై మీటర్ల లోతున ఎర్ర రేకు నల్లగానే కనబడుతుంది. కోహో పైపైన తిరిగే ఈ రెండు నెలల్లో మాత్రం ఆ రంగుకు విలువుంటుంది. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదని నాకనిపిస్తుంది.

ఇంతకీ కోహో ఈ సరస్సు చేప కాదు, పసిఫిక్ తీరానిది. నయాగరా జలపాతం అడ్డుగా ఉన్నంతకాలం దానికి ఎగువనున్న మిషిగన్ లాంటి సరస్సుల్లోకి సముద్రపు చేపలు రాలేదు. దాన్ని చుట్టి వెళ్లే వెల్లండ్ కాలువ 1829లో తెరుచుకుంది. రక్తం పీల్చే సీ ల్యాంప్రే అనే చేప ఆ దారినే 1936 నాటికి మిషిగన్ చేరి, స్థానిక లేక్ ట్రౌట్‌ను తుడిచిపెట్టింది. పెద్ద చేపలు లేని సరస్సులోకి 1949లో ఏల్‌వైఫ్ వచ్చింది. ఇది మన పులసకు దూరపు చుట్టం. పులస గోదావరికి ఎదురెక్కినట్టే ఇదీ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదుల్లోకి వచ్చే జాతి. తినేవాళ్లు లేక విపరీతంగా పెరిగి, 1967లో కోట్ల సంఖ్యలో చచ్చి ఒడ్డున పడితే షికాగో తీరం కంపు కొట్టింది.

అంతకు ముందే, 1964లో, మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ బాధ్యత చేపట్టిన హోవర్డ్ టానర్ ఆరిగన్ నుంచి కోహో గుడ్లు తెప్పించాడు. 1966 వసంతంలో మిషిగన్, సుపీరియర్ సరస్సుల్లో కలిసే వాగుల్లో దాదాపు 8.5 లక్షల పిల్లలను వదిలారు. అవి ఏల్‌వైఫ్‌ను మేసి ఊహించనంతగా ఎదిగాయి. ఇప్పటికీ ఈ చేపలవేట చాలావరకు హేచరీల మీదే నడుస్తోంది.

ఏల్‌వైఫ్ అనే ఆ మేత తర్వాత బాగా తగ్గింది. నల్లసముద్రం వైపు నుంచి ఓడల నీటిలో వచ్చిన క్వాగా ఆల్చిప్పలు సరస్సు అడుగున పరుచుకున్నాయి. వసంతంలో పైనుంచి కిందిదాకా నీరు కలిసిపోతుంది కాబట్టి, అడుగునే ఉండి మొత్తం నీటిలోని శైవలాలను అవి వడకట్టేస్తాయి. సరస్సు నడిమి భాగంలో ఒకప్పుడు ఏటా కనిపించిన వసంతపు శైవలాల పెరుగుదల దాదాపు అదృశ్యమైంది. ఏల్‌వైఫ్ సన్నగిల్లింది. ఉన్న మేతకు తగ్గట్టు సాల్మన్ పిల్లల సంఖ్యను రాష్ట్రాలు సర్దుబాటు చేసుకోవలసి వస్తోంది.

షికాగో చుట్టుపక్కలున్న తెలుగువాళ్లు ఈ పడవ ఎక్కాలనుకుంటే ఏప్రిల్‌లోనూ ఉన్ని బట్టలు వేసుకోండి, లైఫ్ జాకెట్ విప్పకండి. అయిదారు డిగ్రీల నీటిలో పడితే ఈత వచ్చినా కొద్ది నిమిషాల్లోనే చేతులు మొద్దుబారతాయి. వండుకునేటప్పుడు ఇంకో సంగతి. పాత పరిశ్రమలు వదిలిన పీసీబీ రసాయనాలు ఈ సరస్సు చేపల కొవ్వులో చేరతాయి. వసంతపు కోహో లేతది కాబట్టి ముదురు లేక్ ట్రౌట్‌కన్నా దానిలో తక్కువే ఉంటాయి. నిప్పుల మీద కాలిస్తే కరిగిన కొవ్వు కారిపోతుంది, పులుసు పెడితే మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. అందుకని పులుసుకు ముక్కలు కోసేముందే తోలు, పొట్ట కింది కొవ్వు, పక్కల నల్లని చార తీసేయండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఎంత తినవచ్చో ఆయా రాష్ట్రాలు ప్రకటించే సూచనల్లో చేప పేరుతో సహా ఉంటుంది.