అమెరికా రక్షణ శాఖ సమాచార సాంకేతిక బడ్జెటు విశ్వసనీయత

సమాచార సాంకేతిక బడ్జెటు విశ్వసనీయత అనగా కంప్యూటర్లు, సాఫ్టువేరు, సమాచార వ్యవస్థల కొరకు ఒక ప్రభుత్వ శాఖ కోరిన నిధుల వివరాలు సరిగా, సమగ్రంగా, అన్ని పత్రాలలోను ఒకే విధంగా ఉండడం. అమెరికా సంయుక్త రాష్ట్రాల రక్షణ శాఖ విషయంలో ఇది దీర్ఘకాలంగా చర్చనీయాంశంగా ఉంది.

నేపథ్యం

1996 నాటి క్లింగర్-కోహెన్ చట్టం సమాచార సాంకేతిక వ్యయాన్ని పెట్టుబడిగా పరిగణించి, దాని లాభనష్టాలను ముందుగా బేరీజు వేయాలని నిర్దేశించింది. ఇందుకై శాఖలు రెండు రకాల పత్రాలను సమర్పించేవి. మొదటిది అన్ని పథకాల మొత్తాలను చూపే సారాంశ పట్టిక. రెండవది ఒక్కొక్క ప్రధాన పథకానికి సంబంధించిన వివరణాత్మక పెట్టుబడి నివేదిక. ఒక పథకానికి ఈ రెండింటిలోను ఒకే మొత్తం కనిపించాలి.

2003 నివేదిక

2004 ఆర్థిక సంవత్సరానికి రక్షణ శాఖ కోరిన సమాచార సాంకేతిక నిధులు సుమారు 2,800 కోట్ల డాలర్లు. ఈ ప్రతిపాదనను పరిశీలించిన కాంగ్రెసు తనిఖీ సంస్థ (జీఏఓ) 2003 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. సారాంశ పట్టికకు, పెట్టుబడి నివేదికలకు పొంతన లేదని, అందువలన ప్రతిపాదన విశ్వసనీయత పరిమితమని అందులో పేర్కొంది.

పద్దుల చిక్కు

రక్షణ నిధులు వేర్వేరు పద్దుల క్రింద మంజూరవుతాయి. నిర్వహణ పద్దులోని సొమ్మును సాధారణంగా ఒక సంవత్సరంలోను, పరిశోధన-అభివృద్ధి సొమ్మును రెండు సంవత్సరాలలోను, కొనుగోళ్ళ సొమ్మును మూడు సంవత్సరాలలోను ఒప్పందాలకు కేటాయించాలి. ఒక సాఫ్టువేరు పథకంలో రూపకల్పన ఒక పద్దులోకి, యంత్రాల కొనుగోలు మరొక పద్దులోకి, రోజువారీ నిర్వహణ వేరొక పద్దులోకి వస్తాయి. ఈ భాగాలన్నింటినీ ఒకచోట కూడకపోతే పథకం అసలు ఖర్చు తెలియదు. అసలు ఖర్చు తెలియనిదే పథకాన్ని కొనసాగించాలో, ఆపాలో చట్టసభ సకాలంలో నిర్ణయించలేదు.

విఫలమైన పథకాలు

వ్యయాన్ని సకాలంలో అదుపు చేయలేకపోతే నష్టం ఎంత ఉంటుందో ఈ పథకాలు తెలుపుతాయి.

* త్రివిధ దళాల సిబ్బంది, జీతాల వివరాలను ఏకం చేయదలచిన డిమ్‌హర్స్ పథకం 2010లో రద్దయింది.
* 200కు పైగా పాత వ్యవస్థల స్థానంలో వైమానిక దళం తలపెట్టిన ఈసీఎస్ఎస్ పథకం 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన తరువాత 2012 నవంబరులో రద్దయింది. మొదట అనుకున్న పనిలో నాల్గవ వంతు పూర్తి చేయడానికే మరో 110 కోట్ల డాలర్లు కావాలని అప్పటికి అంచనా వేశారు.

తరువాతి పరిణామాలు

రక్షణ శాఖ మొత్తానికి తొలి సంపూర్ణ ఆర్థిక తనిఖీ 2018లో ముగిసింది. తగిన ఆధారాలు లభించనందున తనిఖీదారులు లెక్కలపై అభిప్రాయం ప్రకటించలేదు. 2024 వరకు జరిగిన వార్షిక తనిఖీలలోను ఇదే ఫలితం వచ్చింది. 2028 డిసెంబరు నాటికి శాఖ తనిఖీలో నెగ్గాలని 2023లో చేసిన చట్టం గడువు విధించింది.