అమెరికా క్యాంపస్‌లోనూ ‘మీరేమిట్లు?’

విదేశాల్లో చదువుకు వెళ్లేవారికి చెప్పే జాగ్రత్తలన్నీ చలి, తిండి, ఇంగ్లీషు యాస గురించే. ఇవి ఒకటి రెండు సెమిస్టర్లలో అలవాటైపోతాయి. దళిత విద్యార్థులకు ఇంకో సర్దుబాటు కూడా తప్పడం లేదు. అది కొత్త దేశంతో కాదు, మన వెంటే విమానమెక్కి వచ్చిన కులంతో.

అమెరికాలో దిగిన తెలుగు విద్యార్థికి తొలి ఆసరా తోటి తెలుగువాళ్లే. అద్దె గది, సరుకులకు కారు, ఉద్యోగానికి రిఫరల్ వాళ్ల ద్వారానే దొరుకుతాయి. కులం కాపు కాసేది సరిగ్గా అక్కడే. నేరుగా అడగరు. ఇంటిపేరేంటి, ఊళ్లో ఇల్లు ఎక్కడ, ఎంసెట్‌లో ర్యాంకెంత అని ఆరా తీస్తారు. జవాబు తెలిశాక గది ఖాళీ లేదంటారు. అందుకే మనలో కొందరు ఇంటిపేరు దాచుకుంటారు. అది పిరికితనం కాదు, నీడ పోతుందన్న భయం.

అక్కడి అధికారులకు జాతి వివక్ష తెలిసినంతగా కుల వివక్ష తెలియదు. అందుకే విద్యార్థులు, ఉద్యమకారులు కొట్లాడి నిబంధనల్లో ‘కులం’ అనే మాట చేర్పించారు. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022లో, అప్పటికి 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఆ పని చేశాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును మాత్రం ఉన్న చట్టాలే చాలంటూ గవర్నర్ వీటో చేశారు. కానీ పేరే లేని గాయాన్ని ఫిర్యాదులో ఎలా రాయాలి?

మన కేంద్ర ప్రభుత్వం చేసిందీ తక్కువ కాదు. దళిత విద్యార్థులకు ప్రధాన ఆధారమైన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద భారత సంస్కృతి, చరిత్ర, సమాజంపై విదేశాల్లో చదవడానికి వీల్లేదని 2022లో నిబంధన పెట్టింది. బరోడా సంస్థానం సాయంతో కొలంబియాకు వెళ్లిన అంబేడ్కర్ 1916లో అక్కడ సమర్పించిన పత్రం కులం పుట్టుక గురించే. ఈ నిబంధన ప్రకారమైతే ఆ అంశానికి నేడు స్కాలర్‌షిప్ రాదు.

వెళ్లబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేం చెప్పేది ఇదే. చేరేముందే ఆ విశ్వవిద్యాలయ వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులం ఉందో లేదో చూడండి. అవమానం ఎదురైతే తేదీతో రాసి పెట్టుకోండి, మెసేజ్‌లు చెరపకండి. కులం పేరు నిబంధనల్లో లేకున్నా జాతి, వంశం, మతం కింద ఫిర్యాదు చేసి చూడవచ్చు. మీ వీసా మీ చదువు మీద నిలబడుతుంది, గదిలో ఉండేవాళ్ల దయ మీద కాదు. మీకంటే ముందు వెళ్లిన అంబేడ్కరైట్ విద్యార్థులను వెతుక్కోండి. తర్వాత వచ్చేవారికి మీరే ఆ తొలి ఆసరా కండి.