క్లబ్బు బోర్డు పెడితే పేకాట చట్టబద్ధమైపోతుందా?

దసరా వచ్చిందంటే హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పత్తాలు బయటికొస్తాయి. కుల సంఘాల భవనాల్లో, యువజన సంఘాల గదుల్లో, చింతచెట్ల కింద ఆట సాగుతుంది. పండుగ మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ‘పేకాట స్థావరంపై దాడి’ అన్న వార్త కూడా మామూలే. దాన్ని చదివి హోటల్ కాడ చాయ్ తాగుతూ చెప్పుకునే చట్టం మాటల్లో సగం గాలిమాటలే. వాటిని నమ్మి కేసుల్లో ఇరుక్కునేది మాత్రం సంఘం అధ్యక్షుడు, కోశాధికారి.

అపోహ: ‘మాది రిజిస్టర్డ్ సంఘం. లోపల ఏం ఆడుకున్నా మా ఇష్టం.’

వాస్తవం: సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే సంఘానికి ఒక చట్టబద్ధమైన గుర్తింపు వస్తుంది. ఆటకు అనుమతి రాదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సుతోనూ రాదు. క్లబ్బులో మద్యం అమ్మాలంటే ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఇస్తుంది గానీ, పేకాట గదికి లైసెన్సిచ్చే శాఖంటూ తెలంగాణలో లేదు. ‘లైసెన్సు ఉన్న పేకాట క్లబ్బు’ అని ఎవరైనా చెబితే ఆ కాగితం ఏమిటో ఒకసారి చూపించమనండి. రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలోనే హైదరాబాద్ పేకాట క్లబ్బులను ప్రభుత్వం మూయించింది. అప్పుడు ఏ రిజిస్ట్రేషన్ కాగితమూ వాటికి అడ్డం పడలేదు.

అపోహ: ‘రమ్మీ తెలివితో ఆడే ఆటని సుప్రీంకోర్టే చెప్పింది. ఇక భయమెందుకు?’

వాస్తవం: చెప్పిన మాట నిజం. అదీ మన గడ్డ మీది కేసులోనే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్న సభ్యులతో పాటు క్లబ్బు కార్యదర్శి, కోశాధికారి మీద కూడా కేసు పెట్టారు. అది నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద నడిచిన కేసు. హైకోర్టు వాళ్లను విడిచిపెట్టింది. ప్రభుత్వం అప్పీలుకు వెళితే 1967లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి అని కోర్టు తేల్చింది. మూడు ముక్కలాటను మాత్రం ఆ గౌరవానికి దూరంగానే ఉంచింది. ఆ ఆట పూర్తిగా అదృష్టం మీద నడిచేదే.

ఊళ్లో చెప్పుకునేవాళ్లు ఇక్కడికే ఆపేస్తారు. తీర్పులో ఇంకో మాట ఉంది. ఆటకు వసతి కల్పించినందుకు క్లబ్బు కొంత రుసుము తీసుకుంటే తప్పు లేదు, కానీ పందెం కాసి ఆడే ఆట మీద యజమాని లాభం తీస్తే, అది రమ్మీ అయినా సరే, నేరమే కావచ్చు అని. కుర్చీకి, కరెంటుకు, పత్తాల కట్టకు తీసుకునే డబ్బు వేరు, ప్రతి ఆటలో కొట్టే కమీషన్ వేరు. అసలు గీత అక్కడుంది.

ఆ గీత కూడా తర్వాత పక్కకు జరిగింది. 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తెలంగాణ ప్రభుత్వం 2017లో ఎత్తేసింది. గురి పెట్టింది ఆన్‌లైన్ రమ్మీ మీద. కానీ నైపుణ్యపు ఆట మీద డబ్బు పెట్టినా పందెమే అని రాసేసరికి సంఘం భవనంలో ఆడేవాళ్లూ అదే వలలో పడ్డారు. 1967 తీర్పును మాత్రమే పట్టుకుని ధైర్యంగా కూర్చోవడం ఇవాళ తెలివైన పని కాదు.

అపోహ: ‘నేను ఆడలేదు, చూస్తూ కూర్చున్నా. బల్ల మీద డబ్బు కూడా లేదు.’

వాస్తవం: ఆట నడుస్తున్న జూదగృహంలో కనిపించినవాడు ఆడటానికే వచ్చాడని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. పోలీసులు సోదాకు వచ్చినప్పుడు దొరికిన పత్తాలు, పాచికలే అది జూదగృహమనడానికి సాక్ష్యమవుతాయి. డబ్బు బదులు ప్లాస్టిక్ బిళ్లలు పెట్టడం పాత ఉపాయం, పోలీసులకు తెలియంది కాదు.

అపోహ: ‘గోవాలో లాగా మన క్లబ్బులకూ జూద యంత్రాలకు లైసెన్సులిస్తే సంఘాలకు ఆదాయం వస్తుంది.’

వాస్తవం: గోవా 1992లో తన జూద చట్టాన్ని సవరించి స్లాట్ యంత్రాలకు తలుపు తెరిచింది నిజమే. అయితే ఆ తలుపు ఐదు నక్షత్రాల హోటళ్లకు, తర్వాత ఓడలకు. ఊరి క్లబ్బులకు కాదు. మామూలు వీడియో గేమ్ పార్లర్ల యంత్రాలు కూడా నియంత్రణకు అతీతం కావని, యజమాని వాటిని తారుమారు చేసే వీలుందని 1995లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు గుర్తు చేసింది.

క్లబ్బులకు యంత్రాలిస్తే ఏమవుతుందో చూడాలంటే గోవా కన్నా సిడ్నీ నయం. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలను అడిగితే చెబుతారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1956 నుంచే సభ్యుల క్లబ్బుల్లో ‘పోకీలు’ అనే స్లాట్ యంత్రాలు చట్టబద్ధం. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఎనభై వేలకు పైగా యంత్రాలున్నాయి. మైదానాలు, భోజనశాలలు ఆ డబ్బుతోనే నడిచే స్థితి వచ్చాక నియంత్రణ అనేసరికి క్లబ్బులే అడ్డం తిరుగుతాయి. 2023లో అక్కడి ప్రభుత్వం కొత్త యంత్రాల్లో ఒకేసారి వేయగలిగే నగదు పరిమితిని 5,000 డాలర్ల నుంచి 500కు దించింది. గేమింగ్ గదుల గురించి వీధిలోకి కనిపించే బోర్డులనూ తీయించింది. అరవై ఏడేళ్ల అలవాటును ఇలా కొసరి కొసరి సరిదిద్దుకోవాల్సి వస్తోంది. అసలే మొదలుపెట్టని మనం ఆ ఆదాయం కోసం ఉవ్విళ్లూరడం ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: ‘క్లబ్బులు మూస్తే జూదం పోతుంది.’

వాస్తవం: అది ఫోన్‌లోకి పోయింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యం, అదృష్టం అన్న తేడా అందులో లేదు. ఆడించే సంస్థకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు, అతన్ని బాధితుడిగానే చూశారు. మన 1974 చట్టానికి మాత్రం సంఘం భవనంలో కూర్చున్న ముసలాయన ఇప్పటికీ నేరస్థుడే.

రాజ్యాంగం ప్రకారం జూదం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఈ పాత చట్టాన్ని దిద్దాల్సింది మన అసెంబ్లీయే. యంత్రాలకు లైసెన్సుల ముచ్చట ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. క్లబ్బు వసూలు చేయదగ్గ రుసుము ఎంతో, కమీషన్ ఎక్కడ మొదలవుతుందో చట్టంలోనే రాసి, ఆడించి సంపాదించేవాడి శిక్షను ఆడినవాడి శిక్ష నుంచి బాగా దూరం జరిపితే చాలు. అప్పటిదాకా సంఘం కోశాధికారులు రుసుములకు రసీదు పుస్తకం పెట్టుకుని, పందెం ఆటను గడప బయటే ఆపడం మంచిది.