పై బాల్కనీలోంచి బ్యాలే

మన తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల్లో "ఇప్పుడు మన పిల్లల డాన్స్ బ్యాలే" అని మైకులో చెప్పడం మీరు వినే ఉంటారు. నలుగురైదుగురు వేషాలు కట్టి కథ ఆడితే మనకి అది బ్యాలే. నేను కృష్ణా జిల్లా వాణ్ణి. వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాల గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేటప్పుడు కూడా బ్యాలే అనే అనేవారు. అందుకని 2011లో, నేను ఎం.ఎస్. చేస్తున్న రోజుల్లో, మా ల్యాబ్‌లోని షాంఘై అమ్మాయి "బ్యాలేకి ఒక టికెట్టు ఎక్కువుంది, వస్తావా?" అంటే, తెలిసిన విషయమేగా అనుకుని బయల్దేరాను. నాకు తెలిసింది ఏమీ లేదని పది నిమిషాల్లోనే అర్థమైంది.

శాన్‌హోసే నుంచి కాల్‌ట్రెయిన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి, అక్కణ్ణించి వార్ మెమోరియల్ ఆపెరా హౌస్‌కి చేరాం. మాది చవక టికెట్టు, అన్నిటికన్నా పైన ఉండే బాల్కనీలో. ఆ రోజు ఆట జాన్ నోయ్‌మయర్ కూర్చిన 'ద లిటిల్ మెర్‌మెయిడ్'. మత్స్యకన్యగా చేసింది యువాన్ యువాన్ టాన్. ఆమెకి తోకంటూ ఏమీ కట్టలేదు. నీలం రంగు పట్టు పాంటు వేశారు, అంతే. అది పాదాలు దాటి చాలా పొడుగ్గా నేలమీద పరుచుకుని ఉంటుంది. ముగ్గురు మగవాళ్ళు ఆమెని ఎత్తి తిప్పుతుంటే ఆ గుడ్డే తోక, ఆ గుడ్డే నీళ్ళు. తర్వాత ఆమె రాకుమారుడి కోసం తోక వదులుకుని కాళ్ళు తెచ్చుకుంటుంది. ఆ కాళ్ళతో నడవలేదు. చక్రాల కుర్చీలో కూర్చుంటుంది, తడబడుతుంది, చుట్టూ అందరూ హాయిగా తిరుగుతుంటే అలా చూస్తూ ఉంటుంది. అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. ఆ అమ్మాయి ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అప్పట్నుంచీ ఈ పిచ్చి పట్టుకుంది. నేను నాట్యం నేర్చుకున్నవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. చూసి చూసి తెలుసుకున్న నాలుగు సంగతులు, కూచిపూడికి అలవాటైన కళ్ళతో మొదటిసారి బ్యాలేకి వెళ్ళేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

పాటా లేదు, మాటా లేదు

మన సత్యభామ రంగం మీదికి వస్తే ప్రవేశ దరువు ఉంటుంది. ఆమె ఎవరో, ఎంత గర్వం గలదో పాటే చెబుతుంది, చేతులు దాన్ని విప్పి చూపిస్తాయి. బ్యాలేలో సాధారణంగా సాహిత్యం ఉండదు, ఆర్కెస్ట్రా మాత్రమే. అందుకని కార్యక్రమం పుస్తకంలో కథ ముందే చదువుకోవాలి. పాత బ్యాలేల్లో హస్తముద్రల్లాంటి సైగలు కొన్ని ఉంటాయి. తలపైన రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే 'నాట్యం చేద్దాం' అని. ఉంగరం వేలు చూపిస్తే పెళ్ళి. పిడికిళ్ళు బిగించి మణికట్లు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెడితే చావు. ఈ మూడూ తెలిస్తే 1841లో పారిస్‌లో మొదట ఆడిన 'జిసెల్'లో సగం కథ అర్థమైపోతుంది.

గజ్జెల చప్పుడు, బూట్ల నిశ్శబ్దం

మన నాట్యంలో పాదం చప్పుడు వినిపించాలి. దానికోసమే గజ్జెలు. అరమండిలో కూర్చుని నేలని కొడతారు. బ్యాలేలో అంతా తలకిందులు. పాదం నేలకి తగిలినట్టు కూడా తెలియకూడదు, ఒళ్ళు ఎప్పుడూ పైకి లేవాలి. మునివేళ్ళ మీద నిలబెట్టే ఆ 'పాయింట్ షూస్' లోపల చెక్క ముక్క ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. చెక్కా లేదు, ఇనుమూ లేదు. గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అతికి గట్టిపరిచి, పైన శాటిన్ కుడతారు. పెద్ద పాత్ర చేస్తే ఒక్క రాత్రికే జత మెత్తబడిపోవడం మామూలే. కొత్త బూట్లు టకటకమని చప్పుడు చేస్తాయని, వేసుకునే ముందు వాటిని నేలకేసో గోడకేసో కొట్టి మెత్తన చేస్తారు. ఓసారి కింద ముందు వరసలో కూర్చున్నప్పుడు, ఇరవైమంది హంసలు పరిగెత్తుతుంటే ఆ చిన్న చిన్న దబదబలు వినపడ్డాయి. తేలిపోతున్నట్టు కనిపించే మనుషులకి బరువుంటుందని ఆ రోజే తెలిసింది. వీడియోలో ఆ చప్పుడు ఇంత బాగా తెలియదు.

ముప్ఫై రెండు చుట్లు

'స్వాన్ లేక్' మూడో అంకంలో నల్ల హంస ఒంటికాలి మీద వరసగా 32 చుట్లు తిరుగుతుంది. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియెరీనా లెన్యానీ అనే ఇటాలియన్ నర్తకి తిరిగింది, అప్పట్నుంచీ అది సంప్రదాయమైపోయింది. ఇంజనీర్లం కదా, ఎలా అన్నది చూద్దాం. ప్రతి చుట్టులోనూ ఒక క్షణం మడమ దించి, మోకాలు వంచి, నేలని తోసి కొత్త ఊపు తెచ్చుకుంటుంది. అదే క్షణంలో రెండో కాలు చాచి పక్కకి తిప్పుతుంది. యాంగ్యులర్ మొమెంటమ్‌లో చాలా భాగం ఆ కాలిలోకి పోతుంది కాబట్టి ఒళ్ళు మనవైపు తిరిగి ఆగినట్టు కనిపిస్తుంది. కాలు మోకాలి దగ్గరికి లాక్కోగానే ఆ ఊపంతా ఒంటికి వచ్చి గిర్రున తిరుగుతుంది. కళ్ళు తిరక్కుండా చూపుని ఒకేచోట నిలిపి, తలని ఆఖరున ఒక్క విసురులో తిప్పుతుంది. ఇరవై దాటాక హాల్లో అందరూ మనసులో లెక్కపెడుతూనే ఉంటారు.

కానీ లెక్క ముఖ్యం కాదని ఇద్దరు నర్తకుల్ని ఇదే పాత్రలో చూశాక తెలిసింది. తెల్ల హంసా, నల్ల హంసా ఒకే నర్తకి చెయ్యాలి. ఒకామె 32 చుట్లూ గడియారంలా తిరిగింది, తెల్ల హంసగా ఉన్నప్పుడు ఆమె నాకు గుర్తే లేదు. టాన్ చేసినప్పుడు ఆమె చేతులు వీపులోంచి మొదలైనట్టుండేవి. నెమ్మదైన సంగీతంలో చెయ్యి ఇంకా కదులుతోందా, ఆగిందా అని చూస్తూ ఉండిపోయేవాణ్ణి. అందుకే టికెట్టు కొనేముందు ఆట పేరు ఒక్కటే చూడకండి, ఏ రోజు ఎవరు చేస్తున్నారో కూడా చూడండి. వీలైతే రెండుసార్లు, ఇద్దరితో చూడండి.

ఆఖరి సంగతి

టాన్‌ని చిన్నప్పుడు బ్యాలేలో చేర్చాలని అమ్మ, వద్దు డాక్టరు చదివించాలని నాన్న పట్టుబట్టారట. చివరికి నాణెం ఎగరేసి తేల్చారని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. మన ఇళ్ళలో కథే! 1995లో శాన్ ఫ్రాన్సిస్కో బ్యాలేలో చేరి, 1997లో ప్రిన్సిపల్ అయింది. 2024 ఫిబ్రవరి 14న వీడ్కోలు ప్రదర్శన. ఒకే కంపెనీలో 29 ఏళ్ళు.

ఆ రోజుకి నా దగ్గర టికెట్టుంది. మధ్యాహ్నం మూడింటికి రిలీజ్‌లో ఒక బగ్ బయటపడింది. నేను లేకపోయినా ఎవరో ఒకరు చూసుకునేవారేమో, కానీ నేనే ఉండిపోయాను. టికెట్టు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేశాను. మర్నాడు "ఎలా ఉంది?" అని అడిగితే ఏదో చెప్పబోయి, "మీరు చూడాల్సింది" అని ఊరుకుంది. ఆ బగ్ ఏమిటో ఇప్పుడు అడిగితే నాకు గుర్తు లేదు.

ఆ వారాంతం 'లిటిల్ మెర్‌మెయిడ్' డీవీడీ పెట్టుకున్నాను. ఆమెతోనే తీసింది. చాలా బాగుంది. కానీ కెమెరా ఆమె ముఖం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆ నీలం గుడ్డ కనిపించకుండా పోయింది. చవక టికెట్టు బాల్కనీలోంచి నేలమీద ముగ్గు వేసినట్టు మొత్తం కనిపించేది.

మన అభినయం ముఖంలో, చేతుల్లో ఉంటుంది కాబట్టి కూచిపూడి కళాకారులు అరవై దాటినా మనల్ని కూర్చోబెట్టగలరు. బ్యాలే నర్తకులకి అంత వ్యవధి లేదు, నలభై దాటి మునివేళ్ళ మీద నిలబడేవాళ్ళు తక్కువ. వచ్చే సీజన్‌లో చూద్దాంలే అనుకునే వీలు మనకి ఉంటుంది, వాళ్ళకి ఉండదు.

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో బ్యాలే కంపెనీ ఉంటే డిసెంబర్‌లో 'నట్‌క్రాకర్' తప్పకుండా ఆడతారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి అంతకన్నా మంచి మొదలు లేదు. ఈ దేశంలో దాన్ని మొదటిసారి పూర్తిగా ఆడింది కూడా, 1944లో, ఈ శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళే. పై బాల్కనీ టికెట్టు చాలు. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి. ఆ సాయంత్రానికి ఫోన్ మాత్రం ఆపెయ్యండి.