రెండ్రోజుల్లో ఇంటర్న్‌షిప్ అంట!

డిగ్రీ పిల్లల టెలిగ్రామ్ గ్రూపులు చూశారా? డబ్బులు కట్టు, రెండ్రోజుల్లో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చేద్ది అని ఒకటే గోల. దాన్ని లింక్డిన్‌లో పెడితే వంద లైకులు.

ఇదెందుకు మొదలైందంటే, 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. రెండు వేసవుల్లో రెండేసి నెలలు, తర్వాత ఓ సెమిస్టరు మొత్తం. ఆలోచన మంచిదే. కాపోతే పల్లెటూరి పిల్లలు ఎక్కడికెళ్లి చెయ్యాలి? ఆ సందులోంచే ఈ బేరం దూరింది.

కంపెనీ అంటే హైదరాబాద్ అద్దాల మేడే అనుకుంటాం గానీ, కడియం నర్సరీల మొక్కలు లారీలెక్కి వేరే రాష్ట్రాలకి పోతన్నాయి. ఏ లోడుకి కిరాయెంత, దారిలో ఎన్ని మొక్కలు చచ్చినాయి, ఎవరి బాకీ ఎంత? బీకామ్ కుర్రోడికి ఇంతకన్నా పనేం కావాలి? భీమవరం వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులున్నాయి. కెమిస్ట్రీ చదివే అమ్మాయి పీహెచ్, అమ్మోనియా చూడ్డం అక్కడ చేత్తో నేర్చుకుంటది. రేపు ఇంటర్వ్యూలో ఆ రెండు నెలలూ ఏం చేశావంటే, చెప్పడానికి మాటలుంటాయి. పీడీఎఫ్ కొన్నోడికి అవే ఉండవు.

జీతం ఇవ్వకపోవచ్చండి. కొందరు టీలు కూడా తెమ్మంటారు, ఆయ్. అందుకే కాలేజీ లెటరు పట్టుకెళ్లి, లెక్కల పనో ల్యాబు పనో ఇస్తారా అని ముందే అడిగెయ్యాలి. అదీ వేసవిలోనే. వానలు పడ్డాక నర్సరీలో ఎవరికీ మాట్లాడే తీరికుండదు.