వంటింటి కొలతలు – ఒంటి కొలతలు

తెలుగువారి వంట ఒకనాడు నేలమీదనే సాగేది. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగడం, రుబ్బురోలు పక్కన చేరి పిండి రుబ్బడం, పొయ్యి ముందు పీట వేసుకుని వండడం – అన్నీ కూర్చుని చేసే పనులే. గ్యాసు పొయ్యి రాకతో వంట గట్టెక్కింది. వండే మనిషి లేచి నిలబడవలసి వచ్చింది. స్వదేశంలో సొంత ఇల్లు కట్టుకునేవారు గట్టు ఎత్తును మేస్త్రికి చెప్పి కట్టించుకోగలరు. ఎమిరేట్లలో అద్దెకుండే కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. దుబాయ్ కరామాలోనైనా, షార్జా అల్ నహ్దాలోనైనా వంటగది ముందే బిగించి ఉంటుంది. ఆ కొలతలు ఎవరి శరీరానికి సరిపోతాయి అన్నది ప్రతి గృహిణీ, వంట చేసే ప్రతి పురుషుడూ వేసుకోదగిన ప్రశ్న. సాయంత్రానికి భుజాలు లాగడం, నడుము పట్టేయడం కేవలం వయసు వలన వచ్చేవి కాకపోవచ్చు.

కొలతల శాస్త్రం ఎలా పుట్టింది?

వంటగదిని శాస్త్రీయంగా కొలిచినవారిలో ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి మార్గరెట్ షూట్టె-లిహొట్స్కీ ప్రముఖురాలు. 1926లో ఆమె జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహ పథకానికి సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల చిన్న వంటగదిని రూపొందించారు. రైలు భోజనశాలల ఇరుకు వంటగదులను పరిశీలించి, ఒక్కొక్క పనికి ఎన్ని అడుగులు పడుతున్నవో లెక్కించి, అనవసరపు నడకను తగ్గించారు. అటువంటి వంటగదులు దాదాపు పదివేలు నిర్మింపబడ్డాయి. ఆ నమూనాలో కిటికీ వద్ద పని బల్ల, దాని ముందు గుండ్రంగా తిరిగే స్టూలు ఉండేవి. కూర్చుని చేయదగిన పనిని కూర్చునే చేయాలన్నది ఆమె భావన. మన కత్తిపీట చెప్పే మాటా అదే!

తరువాతి కాలంలో ఐరోపా తయారీదారులు 60 సెంటీమీటర్ల కొలమానాన్ని స్థిరపరచుకున్నారు. గట్టు లోతు, పొయ్యి, బట్టలు ఉతికే యంత్రం, గిన్నెలు కడిగే యంత్రం – అన్నీ దాదాపు 60 సెం.మీ. చట్రంలో ఇమిడేవే. గట్టు ఎత్తు సాధారణంగా 85 నుండి 90 సెం.మీ. వరకు ఉంటుంది. ఎమిరేట్ల అంగళ్లలో దొరికే సామగ్రి చాలావరకు ఈ కొలతలదే.

మోచేయి చెప్పే లెక్క

గట్టు ఎత్తును నిర్ణయించవలసినది మోచేయి. ఇంట్లో వాడే చెప్పులతో నిటారుగా నిలబడి, చేతిని లంబకోణంలో మడిచి, నేల నుండి మోచేతి వరకు కొలవాలి. కూరలు తరగడం వంటి తేలిక పనికి దానికంటే 10–15 సెం.మీ. దిగువన గట్టు ఉండడం మేలు. చపాతీ పిండి పిసకడం వంటి బలం పెట్టే పనికి ఇంకా తక్కువ ఎత్తు కావాలి.

భారతీయ స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెం.మీ. ఆ ఎత్తు గల స్త్రీకి మోచేయి 96 సెం.మీ. వద్ద ఉంటుందనుకుంటే, ఆమెకు తగిన గట్టు 81–86 సెం.మీ. మాత్రమే. 90 సెం.మీ. గట్టు వద్ద ఆమె రోజంతా భుజాలు పైకెత్తి పనిచేయవలసిందే. అదే గట్టు 165 సెం.మీ. పురుషునికి చక్కగా అమరుతుంది. ఒకే వంటగది ఒకరికి సుఖం, మరొకరికి శ్రమ కావడానికి కారణమిదే.

పొయ్యి వద్ద పరిస్థితి మరింత జటిలం. ఓవెన్‌తో కూడిన పొయ్యి పైభాగం సుమారు 85–90 సెం.మీ. ఎత్తున ఉంటుంది. దానిపై 30 సెం.మీ. ఎత్తు గిన్నె పెడితే అంచు 120 సెం.మీ. చేరుతుంది. పొట్టి మనిషికి అది దాదాపు భుజం ఎత్తు. పండుగనాడు పదిమందికి పులిహోర కలిపేటప్పుడు చేయి లాగేది అందుకే. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ గల గిన్నె ఇక్కడ మేలైనది. సింకు సంగతి వేరు. దాని అడుగు గట్టు కంటే దిగువన ఉండడంతో అక్కడ వంగవలసి వచ్చేది పొడగరులు.

అద్దె గట్టును నరకలేము గదా! కాని నేలను ఎత్తు చేయవచ్చు. తరిగేచోట ఐదారు సెంటీమీటర్ల ఎత్తున, జారని, కదలని, నిలబడే చోటంతా పరచుకునే వెడల్పు చెక్క వేదిక సమస్యను చాలావరకు తీరుస్తుంది. చిన్న పీట మాత్రం పనికిరాదు; వేడి గిన్నెతో వెనక్కి తిరిగినప్పుడు కాలు జారే ప్రమాదమున్నది.

కూర్చునే చోటు

90 సెం.మీ. గట్టుకు 60–65 సెం.మీ. ఎత్తు స్టూలు సరిపోతుంది. ఆసనానికి, గట్టుకు మధ్య 25–30 సెం.మీ. అంతరం అవసరం. ఒక్కొక్కరికి 60 సెం.మీ. వెడల్పు, మోకాళ్లకు 35 సెం.మీ. లోతు కేటాయించాలి. పొట్టివారి కాళ్లు వేలాడకుండా పాదాలు ఆనించే కడ్డీ ఉన్న స్టూలునే ఎంచుకోవాలి. స్వగ్రామం నుండి చూడవచ్చే తల్లిదండ్రులకు ఎత్తు స్టూలు క్షేమకరం కాదు. 75 సెం.మీ. బల్ల, 45 సెం.మీ. కుర్చీ వారికి తగినవి. ఆ బల్లమీదనే కూరలు తరిగితే నిలబడే శ్రమా తప్పుతుంది.

2.4 మీటర్ల వెడల్పు గల వంటగదిని ఉదాహరణగా తీసుకుందాం. ఒక గోడకు 60 సెం.మీ. గట్టు, ఎదుటి గోడకు 45 సెం.మీ. మడత బల్ల అమర్చితే 135 సెం.మీ. మిగులుతుంది. కూర్చున్న మనిషి సుమారు 45 సెం.మీ. ఆక్రమిస్తే, వెనుక నడవడానికి 90 సెం.మీ. దక్కుతుంది. ఇద్దరు కలిసి వండేవేళ బల్లను మడిచివేయవచ్చు.

యంత్రాల ఎంపిక

పొయ్యి, ఫ్రిజ్ కొనేముందు వాటి వెడల్పుతోపాటు తలుపు తెరుచుకునే చోటునూ కొలవాలి. ఓవెన్ తలుపు దించితే దాని ముందు మనిషి నిలబడడానికి స్థలం ఉండాలి. ఫ్రిజ్ గోడమూలకు ఆనుకుంటే తలుపు పూర్తిగా తెరుచుకోక అరలు బయటకు రావు. వేడిగాలి పోవడానికి వెనుక, పక్కల ఖాళీ వదలాలి. ఎమిరేట్ల వేసవికి తగినది, 43 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు పనిచేయడానికి రూపొందించిన ఉష్ణమండల తరగతి ఫ్రిజ్. సెలవులకు స్వదేశం వెళ్లి, ఏసీ ఆపిన ఇంట్లో ఫ్రిజ్‌ను నడుస్తూ వదిలేవారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి.

పోపు ఘాటు మరో సమస్య. గాలిని గొట్టం ద్వారా బయటకు పంపే చిమ్నీ శ్రేష్ఠం. బొగ్గు వడపోతతో గాలిని తిరిగి గదిలోకే వదిలే చిమ్నీ వాసనను కొంత తగ్గిస్తుంది గాని వేడిని, ఆవిరిని బయటకు పంపలేదు.

పదికిలోలకు పైబడిన బరువుండే గ్రైండర్‌ను ప్రతి వారం అలమర నుండి ఎత్తి దించడం నడుముకు శత్రువు. 50–60 సెం.మీ. ఎత్తున దృఢమైన బల్లపై శాశ్వతంగా ఉంచితే పిండి తీయడమూ సులభమే. ఇండియాలోను, ఎమిరేట్లలోను విద్యుత్తు సుమారు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ గనుక ఇంటి నుండి తెచ్చిన మిక్సీ ఇక్కడా పనిచేస్తుంది. మారవలసినది ప్లగ్గు మాత్రమే. ఇక్కడి మూడు చదునైన పిన్నుల ప్లగ్గుకు 13 ఆంపియర్ల ఫ్యూజు పరిమితి, అనగా సుమారు 3,000 వాట్లు. విద్యుత్ కెటిల్‌ను, మైక్రోవేవ్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే ఆ పరిమితి దాటవచ్చు.

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి వచ్చి ఉమ్మడి వసతి గృహాలలో వంతులవారీగా వండుకునే సోదరులకు వంటగదిని ఎంచుకునే అవకాశమే ఉండదు. అయినా వెడల్పు గిన్నె, కూర్చుని తరగడానికి ఒక బల్ల వారికీ అందుబాటులోనివే. కొనుగోలుకు బయలుదేరేముందు కొలత టేపుతో గదినీ, గదిలో పనిచేసేవారి మోచేతినీ కొలిచి, ఆ రెండు అంకెలనూ కాగితంపై రాసుకుంటే చాలు. మూడుపూటలా అన్నం పెట్టే చేతులకు ఇంట్లోవారు చూపగల కనీస గౌరవమిది.