కంటికి మూడడుగులు... కాలికి నాలుగడుగులు!

బడికి సెలవులిచ్చారంటే పిల్లలకు ఇంటిపట్టున కాలు నిలవదు. చెరువు, కాలువ, దిగుడు బావి, రాళ్ళు తీసి వదిలేసిన క్వారీ గుంత... నీళ్ళెక్కడుంటే అక్కడికే పరుగు. నీటి అడుగున ఇసుక కనిపిస్తున్నదంటే చాలు, "లోతేం లేదురా, దూకు!" అంటాడొకడు.

బురద నీటిని చూసి జంకేవాడు కూడా తేటనీటిని నమ్ముతాడు. చిక్కంతా అక్కడే ఉంది. తేటనీరు తన లోతును తక్కువ చేసి చూపిస్తుంది. తిన్నగా పైనుంచి తొంగి చూస్తే 4 అడుగుల నీరు 3 అడుగులే ఉన్నట్లుంటుంది. 12 అడుగుల గుంత 9 అడుగులే అనిపిస్తుంది. నాలుగడుగుల కుర్రాడు, ఛాతీ దాకా వస్తుందిలే అనుకుని దిగితే నీరు నడినెత్తికి వస్తుంది.

గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూస్తే మోసం మరీ ఎక్కువ. అడుగు అంతటా ఒకే మట్టంగా ఉన్నా, అవతలికి పోయేకొద్దీ మెరక ఎక్కినట్లే కనిపిస్తుంది. ఈత రానివాడు ఆ మెరకను నమ్ముకునే ముందుకు పోతాడు.

ఎందుకిలా? ఇంట్లోనే చూడవచ్చు. ఒక కంచు గిన్నెలో రూపాయి బిళ్ళ వేయండి. గిన్నె అంచు అడ్డం వచ్చి బిళ్ళ కనుమరుగయ్యే దాకా వెనక్కి జరిగి, అక్కడే ఆగండి. ఇంకొకరిచేత గిన్నెలో మెల్లగా నీళ్ళు పోయించండి. మీరు కదలలేదు, బిళ్ళా కదలలేదు. అయినా బిళ్ళ పైకి తేలినట్లు కనిపిస్తుంది!

వెలుతురు గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీటిలో దాని వేగం సుమారు 2 లక్షల 25 వేలకు తగ్గుతుంది. ఎడ్లబండి గట్టి బాట మీంచి ఏటవాలుగా బురదలోకి దిగిందనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండోది అదే జోరు మీద ఉంటుంది. బండి పక్కకు తిరుగుతుంది. బురదలోంచి గట్టెక్కేటప్పుడు రెండోవైపుకు తిరుగుతుంది. వెలుతురూ అంతే. ఈ వంపునే మన పిల్లల పుస్తకాల్లో వక్రీభవనం అంటారు. ఎంత వంగుతుందో చెప్పే సూత్రాన్ని 1621లో హాలండు గణితవేత్త స్నెల్ కనుగొన్నాడు.

కంటికి ఈ వంపు తెలియదు. కిరణం తిన్నగానే వచ్చిందనుకుంటుంది. అందుకే చెరువు అడుగు పైకి లేచినట్లుంటుంది. బల్లెంతో చేపలు పొడిచేవారికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. చేప కనిపించినచోట కాదు, దానికి కాస్త కిందికి గురిపెడతారు. దిగుడు బావిలో బిందె ముంచే ఆడవాళ్ళకూ అనుభవమే. మునిగిన మెట్టు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుంది, పాదం దింపితే అక్కడ అందదు.

కొత్త నీటిలోకి పిల్లల్ని దింపేముందు పొడుగాటి వెదురుకర్ర ముంచి చూడండి. ఒక్కచోట కాదు, నాలుగుచోట్ల. నీళ్ళలో అదీ విరిగినట్లే కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. పైకి తీసి, తడి ఎందాకా ఎక్కిందో పిల్లవాడి పక్కన నిలబెట్టి వాడికే చూపించండి.